పళ్లూడగొట్టడానికి ఏ రాయైతేనేం: కుక్కలు పెంచేవాళ్లకు చిట్కాలు

మనిషికి 32 పళ్లు. వాటిని పొద్దున్నే ఒకసారి తోముకోవడానికే మనకు ప్రాణం మీదికొస్తుంది. కుక్కకు 42. పైదవడలో 20, కింది దవడలో 22. దేవుడు కుక్కకు మనకన్నా పది పళ్లు ఎక్కువిచ్చి, తోమే పని మాత్రం మన నెత్తిన పెట్టాడు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే ఈ చిట్కాలు. శ్రద్ధగా పాటిస్తే ఎనిమిదేళ్లు తిరిగేసరికి మీ కుక్క నోట్లో లెక్కపెట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు. తోమే బాధ అసలే ఉండదు.

మొదలుపెట్టే ముందు మీ బలమేమిటో తెలుసుకోండి. కుక్క నోట్లో నాలుక లేని జీవి. నాలుక ఉంది, బారెడు ఉంది, కానీ దాంతో చెప్పుకోదు. "పన్ను సలుపుతోంది" అని రాత్రి రెండింటికి మిమ్మల్ని లేపదు. బుగ్గ పట్టుకుని మూలగదు. పన్ను విరిగి లోపలి నరం బయటపడ్డా గిన్నె చప్పుడు వినపడగానే వచ్చి తోకాడిస్తుంది. నొప్పిని పైకి కనపడనివ్వకపోవడం దానికి అడవిలో బతికిన తాతలనాటి నుంచి వచ్చిన అలవాటు. ఇంతగా సహకరించే రోగి మీకు మనుషుల్లో దొరకడు. కింద చెప్పబోయేవన్నీ ఈ ఒక్క సుగుణం మీదే నిలబడ్డాయి.

1. చిన్నప్పుడు నోట్లో వేలు పెట్టకండి.

కుక్కపిల్లకు మూడో వారం నుంచి పాలపళ్లు మొలుస్తాయి. మొత్తం 28. నాలుగో నెల దగ్గర్నుంచి అవి ఊడుతూ, ఏడో నెల నిండేసరికి అసలు పళ్లు 42 వచ్చేస్తాయి. ఆ నెలల్లో పిల్లను దేనికి అలవాటు చేస్తే దానికి అలవాటు పడిపోతుంది. రోజూ రెండు నిమిషాలు పెదవి పైకెత్తి, చిగుళ్ల మీద వేలితో రుద్ది, వెంటనే ఓ ఉడికించిన చికెన్ ముక్క పెట్టారనుకోండి, ఇక జీవితాంతం నోరు తెరిచి మీ ముందు కూర్చుంటుంది. అప్పుడు తోమకుండా తప్పించుకోవడానికి మీకు సాకు ఉండదు. కాబట్టి ఆ వయసులో రీల్స్ తీసుకోండి, నోటి జోలికి మాత్రం పోకండి.

ఏడాది దాటాక ఒకరోజు ఉన్నట్టుండి ఇద్దరు మనుషులు పట్టుకుని, బాత్రూంలో మూలకు నెట్టి, దవడ పట్టుకుని తెరవండి. అది గుర్రుమంటుంది. అంతే, పని అయిపోయింది. "మా వాడు నోరు ముట్టుకోనివ్వడండీ" అనే మాట ఆ రోజు నుంచి మీ సొంతం. ఆ ఒక్క మాటతో పదేళ్లు గడిపేసిన ఇళ్లున్నాయి.

పామెరేనియన్, షిట్జూ, చివావా లాంటి బుల్లి జాతులవాళ్లకు ఇక్కడ అదనపు సౌకర్యం ఉంది. వాటి మూతి చిన్నదైనా పళ్లు మాత్రం అవే 42. ఒకదానిమీద ఒకటి ఇరుక్కుని మొలుస్తాయి. అసలు కోర వచ్చాక కూడా పాలకోర ఊడకుండా పక్కనే నిలబడిపోతుంది. ఆ రెంటి సందులో వెంట్రుకలు, మెతుకులు చేరతాయి. డాక్టరు చూస్తే, ఎలాగూ కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు మత్తు ఇస్తాం కదా, అదే మత్తులో పాలకోరలు కూడా తీసేద్దాం అంటాడు. ఒప్పుకోకండి. డబ్బు కోసం అలాగే అంటారు. "మా స్వీటీకి నాలుగు చోట్లా డబుల్ కోరలు" అని స్టేటస్ పెట్టుకోండి. చూసినవాళ్లు లైకులు కొడతారు.

2. కంపును కంపు అనకండి.

"కుక్క నోరన్నాక వాసన రాదా ఏంటి?" ఈ వాక్యాన్ని కంఠస్థం చేయండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోటికి అలాంటి కుళ్లు కంపు ఉండదని, ఆ కంపు చిగుళ్ల కింద చేరిన బ్యాక్టీరియాదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

అయినా శత్రువు ఎలా పనిచేస్తాడో తెలుసుకుంటే మీరు వాడికి బాగా సాయపడగలుగుతారు కనుక కొంచెం చెబుతాను. పళ్లు శుభ్రం చేసిన కొన్ని గంటలకే మళ్లీ పాచి పట్టడం మొదలవుతుంది. గోటితో గీరితే వచ్చేసే మెత్తటి పాచి. దాన్ని రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే లాలాజలంలోని లవణాలు పట్టి గట్టిపడి గార అవుతుంది. ఇక బ్రష్షుకు రాదు. కుక్క లాలాజలానికి మనకన్నా క్షారగుణం ఎక్కువ. అందుకే వాటికి పిప్పిపళ్లు అరుదు, గార మాత్రం జోరు.

ఇందులో మీకు రెండు లాభాలున్నాయి. ఒకటి, "మా బ్రూనోకి ఒక్క పిప్పిపన్ను కూడా లేదు తెలుసా" అని ఎవరి ముందైనా నిజాయితీగా చెప్పుకోవచ్చు. రెండోది ఇంకా బాగుంటుంది. వారానికి ఒక్కరోజు, ఆదివారం తోమండి. సోమవారం పట్టిన పాచి గురువారానికల్లా గట్టిపడి ఉంటుంది కనుక ఆదివారం బ్రష్షు దానిమీద హాయిగా జారిపోతుంది. తోమామన్న తృప్తి మీకు దక్కుతుంది, గార గారకు ఉంటుంది.

ఒక జాగ్రత్త. పొరపాటున కూడా పై పెదవిని చెవి వైపు లాగి దవడపళ్లు చూడకండి. ముందుపళ్లు తెల్లగానే ఉంటాయి, వాటిని చూసి ఆగిపోండి. వెనక్కి వెళ్తే పెద్ద దవడపన్ను మీద పసుపు, ముదురు గోధుమ, అక్కడక్కడ ఆకుపచ్చ కలిసిన పెంకు కనిపిస్తుంది. పెంకు అంచు చిగురుకి తగిలే చోట సన్నటి ఎర్రగీత ఉంటుంది. ఆ గీత ఒక్కటే ఉన్న దశలో శుభ్రం చేయిస్తే చిగురు మళ్లీ మామూలైపోతుంది. మన శ్రమంతా వృథా. ఆ దశ దాటి, పన్ను చుట్టూ ఉన్న ఎముక కరగడం మొదలైందంటే మాత్రం ఏ డాక్టరూ దాన్ని పూర్తిగా వెనక్కి తేలేడు. అందాకా పెదవి దించే ఉంచండి.

చుట్టాలొచ్చినప్పుడు కుక్కను బాల్కనీలో కట్టేసి, హాల్లో అగరొత్తులు వెలిగించండి. అత్తగారు ముక్కు ఎగబీల్చి, "ఏంటమ్మా ఈ వాసన?" అంటే ఫ్రిజ్జులో చేపలున్నాయత్తయ్యా అనండి.

3. తోమక తప్పకపోతే తప్పుగా తోమండి.

ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లో పిల్లాడో ఉంటే ప్రమాదం. ఎక్కడో చదివొచ్చి "డాడీ, చార్లీకి రోజూ బ్రష్ చేయాలంట" అని గొడవ పెడతారు. బ్రష్షు కొనేయండి. కొనడం చేయడంలో సగం. దాన్ని కుక్క మందుల డబ్బాలో, గడువు దాటిన పేల పౌడరు కింద పెట్టేయండి.

పిల్లలు అప్పటికీ వదలకపోతే మీరు వాడే టూత్‌పేస్టే వాడండి. కుక్కకు పుక్కిలించి ఉమ్మడం రాదు. నురగంతా మింగేస్తుంది, ఫ్లోరైడుతో కడుపు పాడవుతుంది, ఆ రాత్రి మీ దుప్పటి మీద వాంతి చేసుకుంటుంది. తెల్లారి "చూశావా, బ్రష్ దానికి పడదు" అని పిల్లలకు చెప్పొచ్చు. కొన్ని పేస్టుల్లో, చక్కెర లేని చూయింగ్‌గమ్‌లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. మనకు అది ఏమీ చేయదు. కుక్కకు గంటలోపే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, ఫిట్స్ వస్తాయి, కాలేయం కూడా దెబ్బతినొచ్చు. డబ్బా వెనక అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంది? పైగా ఆ గండం వచ్చాక పళ్ల గురించి ఎవరూ అడగరు.

కుక్కల పేస్టు వేరే ఉంటుంది, చికెన్ రుచితో, మింగినా పర్లేదు. దాని జోలికి పోకండి, కుక్కకు నచ్చేస్తుంది.

తోమేటప్పుడు కూడా తెలివి వాడాలి. పాచి ఎక్కువగా పట్టేది పైదవడ వెనక పళ్లకు, బుగ్గ వైపు. లోపలివైపు నాలుక తగులుతూ ఉంటుంది కనుక అంత పట్టదు. నోరు తెరవకుండానే, పెదవి కొంచెం ఎత్తి, బ్రష్షు చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి బయటివైపు తిప్పితే నిమిషంలో అయిపోయే పని. కాబట్టి మీరు నోరు పూర్తిగా తెరిపించి, కుక్కతో కుస్తీపట్టి, ముందున్న బుల్లి పళ్లను మాత్రం గట్టిగా రుద్దండి. ఇద్దరూ అలిసిపోతారు. రేపటికి ఇద్దరికీ ఇష్టం ఉండదు.

4. మెత్తగా పెట్టండి, తరచుగా పెట్టండి.

పొద్దున టీతో రెండు గ్లూకోజ్ బిస్కెట్లు. పదింటికి మీరు మిగిల్చిన ఇడ్లీ. మధ్యాహ్నం పెరుగన్నం. సాయంత్రం మళ్లీ టీ, మళ్లీ బిస్కెట్లు. రాత్రి చారన్నం. ఈ భోజనంలో నమలాల్సిన వస్తువు ఒక్కటీ లేదు, పళ్లకు అతుక్కోని వస్తువు కూడా దాదాపు లేదు. తాతగారు స్వయంగా తినిపిస్తుంటే ఇంకా మంచిది. తాతగారిని అడ్డుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు.

పెట్ షాపు మేత పెట్టేవాళ్లు బాధపడనక్కర్లేదు. వాళ్లకూ ఓ దారి ఉంది. "డ్రై ఫుడ్ కరకరా నమిలితే పళ్లు వాటంతటవే శుభ్రమైపోతాయి" అని నమ్మండి. మామూలు గుళికలు పంటి కొన తగలగానే పొడిపొడి అయిపోతాయి, చిగురు అంచు దాకా వెళ్లనే వెళ్లవు. పళ్ల కోసమే పెద్దగా, గట్టి పీచుతో చేసే గుళికలు వేరే ఉన్నాయి. పాచిని, గారను తగ్గిస్తాయని పరీక్షల్లో తేలిన మేతలకూ, నమిలే కడ్డీలకూ వీఓహెచ్‌సీ అనే అమెరికా పశుదంత మండలి ముద్ర వేస్తారు. ముద్ర ఉందో లేదో వెతక్కండి. బొమ్మ మీద తెల్లపళ్ల కుక్క నవ్వుతూ ఉంటే కొనేయండి.

5. ఏ రాయైతేనేం, ఇవ్వండి.

ఇప్పటిదాకా చెప్పినవి ఏళ్లు పట్టే పనులు. త్వరగా ఫలితం కావాలనుకునేవారికి ఇది.

ఆదివారం మటన్ తెస్తారు కదా. పాయాలోంచి నల్లి బొక్క తీసి, లోపలి మూలుగ మీరు జుర్రేసి, బొక్క కుక్కకు వేయండి. అది ముందు కాళ్లతో పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, నోటి వెనక భాగానికి తోస్తుంది. అక్కడ పైదవడలో నాలుగో ముందు దవడపన్ను, కింది దవడలో మొదటి పెద్ద దవడపన్ను కత్తెర రెండు రెక్కల్లా ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. మాంసాన్ని కోయడానికి తయారైన పళ్లవి. కోయడానికి వీల్లేని వస్తువు మధ్యలో పెడితే ఏం జరుగుతుంది? టక్‌మని చప్పుడొస్తుంది. మీరు బొక్క విరిగిందనుకుంటారు. పైపన్ను బుగ్గవైపు చెక్క లేచిపోయి ఉంటుంది. ఆ చెక్క కొన్నిసార్లు చిగురును పట్టుకుని వేలాడుతూ ఉంటుంది.

పెదవి ఎత్తని ఇంట్లో ఇది ఎవరికీ తెలియదు. విరిగిన చోట మధ్యలో గులాబీ రంగు చుక్క కనిపిస్తుంది, అది లోపలి నరం. కొన్నాళ్లకు నల్లగా మారుతుంది. నరం చచ్చిపోతుంది, వేళ్ల కొసల్లో చీము పడుతుంది. ఆ పన్నుకు మూడు వేర్లు, వాటి కొసలు సరిగ్గా కంటి కింద ఉంటాయి. నెలలు గడిచాక ఒక పొద్దున కంటి కింద ఉబ్బుతుంది. ఇక్కడ మీ తెలివి చూపించండి. "కందిరీగ కుట్టినట్టుంది" అనండి. పసుపు రాయండి. చీము పగిలి కారిపోతే "చూశారా, దానంతటదే తగ్గిపోయింది" అనండి. మళ్లీ ఉబ్బితే మళ్లీ కందిరీగే. ఒకే కందిరీగ ఒకే కంటి కింద ఏడాదికి నాలుగుసార్లు కుట్టడం గురించి లోతుగా ఆలోచించకండి.

నల్లి బొక్క దొరకనివాళ్లకు పెట్ షాపులో అంతకన్నా గట్టివి అమ్ముతారు: జింక కొమ్ము ముక్కలు, ఎండిన డెక్కలు, రాయిలాంటి నైలాన్ ఎముకలు. "ఆర్గానిక్" అని రాసి ఉంటే రెండు కొనండి. ఎండాకాలం ఐస్ ముక్కలు వేయండి. గేటు దగ్గర కంకర రాళ్లతో ఆడుతుంటే వీడియో తీయండి. పశువైద్యులు చెప్పే ఓ చిన్న పరీక్ష ఉంది. బొటనవేలి గోరుతో నొక్కితే వస్తువు కొంచెమైనా లోపలికి పోవాలి, దాంతో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకుంటే నొప్పి పుట్టకూడదు. ఈ పరీక్షను తిరగేసి వాడుకోండి. గోరు దిగిందంటే సరుకు నాసిరకం. వెనక్కిచ్చేయండి.

వండిన కోడి ఎముకల గురించి చెప్పనక్కర్లేదు, మనవాళ్లందరూ వేస్తూనే ఉన్నారు. సూదుల్లా చీలి అంగిట్లోనో, పళ్ల మధ్యో, పేగుల్లోనో గుచ్చుకుంటాయి. "మా ఊళ్లో కుక్కలన్నీ ఇవే తిని బతికాయి" అన్నది సిద్ధంగా ఉన్న జవాబు. బతకని కుక్కలు వచ్చి ఎదురు చెప్పవు.

టెన్నిస్ బంతి మాత్రం మర్యాదస్తుల పద్ధతి. రోజంతా దాన్ని నోట్లోనే ఉంచనివ్వండి. పైన ఉన్న గరుకు నూలు, దానికంటుకున్న ఇసుక కలిసి పళ్ల కొసల్ని నెమ్మదిగా, చప్పుడు లేకుండా అరగదీస్తాయి. కుక్కను పగలంతా బోనులో పెట్టి ఆఫీసుకు పోయేవారికి ఆ శ్రమ కూడా లేదు. విసుగుతో కడ్డీలు కొరికి కొరికి కోరల వెనకవైపు అదే పలచబరుచుకుంటుంది. ఒకరోజు కోర సగానికి విరుగుతుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను ఇంట్లోనే రుజువు చేసినట్టవుతుంది.

6. ప్రతి గుర్తుకూ ఓ వివరణ సిద్ధంగా ఉంచుకోండి.

ఇది ఈ మొత్తం విద్యకు గుండెకాయ. నోటి జబ్బు ఏదో ఒక రోజు బయటపడాలని చూస్తుంది. దాన్ని మాటలతో లోపలికి నెట్టాలి. అన్నిటికన్నా పెద్ద ఆయుధం "తింటోంది కదా!" అన్నది. దవడ పుండైన కుక్క కూడా తింటుంది కనుక ఈ ఆయుధం చివరిదాకా పనిచేస్తుంది. మిగతావి సందర్భాన్ని బట్టి వాడండి.

ఒక పక్కతోనే నములుతోందా? వాడి స్టైలు. మెతుకులు నోట్లోంచి జారిపోతున్నాయా? దిష్టి తగిలింది, ఎర్రనీళ్లు తిప్పి గుమ్మం బయట పారబోయండి. ముందుకాలితో మూతి రుద్దుకుంటోందా? సలాం చేస్తోంది, చుట్టాలకు చూపించండి. జొల్లు తీగలు సాగుతోందా? పక్కింట్లో బిర్యానీ. గిన్నె దగ్గరికి ఉరికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తగ్గి, మళ్లీ వస్తోందా? ఆలోచనాపరుడైపోతున్నాడు. బొమ్మ మీద ఎర్ర మరక ఉంటే చైనా రంగు అనండి. ఇంతకుముందు తల నిమిరితే కళ్లు మూసుకునేది ఇప్పుడు బుగ్గ ముట్టుకోగానే విదిలించుకుంటోందంటే, పొగరెక్కింది, బయట కట్టేయండి.

తుమ్ముల విషయం కొంచెం ప్రత్యేకం. ఒక ముక్కులోంచే చీమిడి కారుతూ, అన్నం తిన్నాక తుమ్ములొస్తుంటే ఏసీ పడలేదని చెప్పండి. పైకోర వేరుకీ ముక్కు లోపలి గదికీ మధ్య ఉండే ఎముక చాలా పలచన. చిగురు జబ్బు ఆ ఎముకను తినేస్తే నోటికీ ముక్కుకూ దారి పడుతుంది, తిన్న పెరుగన్నం ముక్కులోకి వెళ్తుంది. డాక్స్‌హుండ్ లాంటి పొడవు మూతి బుల్లి కుక్కల్లో ఇది మరీ కనిపిస్తుంది. ఏసీ మెకానిక్కును పిలిపించి గ్యాస్ నింపించండి. ఖర్చు పెట్టామన్న ధైర్యం ఉంటుంది.

7. మీ మందుల డబ్బానే ఆస్పత్రి.

ఉబ్బు మరీ కనిపిస్తే ఇంట్లో ఉన్న మాత్రలు తీయండి. బామ్మగారి మోకాళ్ల నొప్పుల మాత్ర, మీ తలనొప్పి మాత్ర, పిల్లల జ్వరం మందు. పది కిలోల కుక్కకు అర మాత్ర అని మీరే లెక్క కట్టుకోండి, తూకం లేకపోతే అందాజుగా. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు. ఈ డైక్లోఫెనాక్ వల్లే మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. చచ్చిన గొడ్డును తిన్న పక్షినే చంపిన మందు, బతికున్న కుక్కకు ఎంత శక్తినిస్తుందో ఊహించుకోండి! మూడో రోజుకు విరేచనం తారులా నల్లగా అవుతుంది. పంటి మీద నుంచి అందరి దృష్టీ మళ్లిపోతుంది.

యాంటీబయాటిక్ కోర్సు కూడా మంచి ఉపాయమే. మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకోండి. నాలుగు రోజులకు ఉబ్బు దిగుతుంది, ఆపేయండి. విరిగిన పన్ను లోపలే ఉంది కనుక ఉబ్బు తిరిగొస్తుంది, మళ్లీ తెచ్చుకోండి. కొన్ని కోర్సులయ్యాక ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. అప్పుడు "మందులన్నీ వాడేశాం, ఏదీ పనిచేయలేదు" అన్న మాట అక్షరాలా నిజమవుతుంది.

గారను మీరే తీయాలనిపిస్తే రూపాయి బిళ్ల అంచు, స్క్రూడ్రైవరు, సేఫ్టీ పిన్ను ఉన్నాయి. పెంకు ఊడొస్తుంది, దాంతో పాటు పంటి మీద గీతలు పడతాయి. ఆ గీతల్లో పాచి ఇదివరకటికన్నా తొందరగా పడుతుంది. ఇలా తన పని మీరే ఎందుకు చేస్తున్నారని ఏ పాచీ ఫిర్యాదు చేయదు.

8. మత్తు పేరు చెప్పి తప్పించుకోండి.

ఎప్పుడో టీకా కోసం వెళ్లినప్పుడు డాక్టరు పెదవి ఎత్తి చూసి మొహం చిట్లిస్తాడు. "మత్తిచ్చి స్కేలింగ్ చేయాలి, ఎక్స్‌రే తీయాలి" అంటాడు. భయపడకండి. కుక్కకు మూడేళ్లుంటే "ఇంత చిన్నదానికి మత్తా?" అనండి. తొమ్మిదేళ్లుంటే "ఈ వయసులో మత్తా?" అనండి. మధ్యలో ఉంటే "వచ్చే నెల మా బావమరిది పెళ్లుంది సార్, అయ్యాక తీసుకొస్తా" అనండి. కుక్కల జీవితంలో మత్తుకు తగిన వయసు ఒక్కరోజు కూడా రాకుండా చూసుకోవడమే దీని కిటుకు. మత్తుకు ముందు రక్తపరీక్ష చేసి, గుండె చూసి, దాన్ని బట్టే మందు ఇస్తారని ఆయన చెప్పబోతే ఫోను మోగినట్టు నటించండి.

ఈలోగా గ్రూమింగ్ పార్లరువాళ్లు మత్తు లేకుండానే పళ్లు తళతళలాడించి ఇస్తామంటారు. వెంటనే తీసుకెళ్లండి. ఇద్దరు పట్టుకుంటే ఒకరు గీరుతారు. కనపడేదంతా తెల్లగా అయిపోతుంది. జబ్బు ఉండేది చిగురు కిందే, అది ఎక్కడిదక్కడే ఉంటుంది. పంటిలో మనకు కనిపించేది పైభాగమే, వేరు అంతకన్నా పొడవు, ఎముకలో పాతుకుని ఉంటుంది. ఎక్స్‌రే లేకుండా దాని సంగతి ఎవరికీ తెలియదు. ప్రపంచ స్థాయి పశువైద్య సంఘాలు ఈ మత్తులేని గీకుడును కూడదంటున్నాయి. అయినా ముందు, తర్వాత అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ సంఘం మాటా గుర్తుకు రాదు.

ఇలా నెట్టుకుంటూ పోతే బుల్లి కుక్కల విషయంలో మీ కృషి అసలైన ఫలం ఇస్తుంది. కింది దవడ వాటికి ముందే సన్నం. పెద్ద దవడపన్ను వేర్లు ఎముక అడుగుదాకా దిగి ఉంటాయి. చుట్టూ ఎముక కరిగిపోయాక మిగిలేది అగ్గిపుల్ల మందం. ఒక సాయంత్రం మీ పామ్ సోఫా మీంచి దూకుతుంది, రోజూ దూకినట్టే. దిగగానే ఒక కేక వేస్తుంది. నోరు మూయలేకపోతుంది, నాలుక ఓ పక్కకు వేలాడుతుంది. పరుగెత్తుకుని వెళ్తే "దవడ విరిగింది, ఎముక ముందే పుచ్చిపోయి ఉంది" అంటారు. సోఫా మీద తప్పు తోసేయండి. ఎత్తు ఎక్కువని భార్య ముందే చెప్పిందని ఒప్పుకోండి. దీనివల్ల ఇంట్లో శాంతి కూడా నెలకొంటుంది.

9. బిల్లు దగ్గర గట్టిగా నిలబడండి.

చివరికి పళ్లు తీయించక తప్పని రోజు వస్తుంది. వెళ్లేటప్పుడు కారులోనే ఇంటిల్లిపాదీ ఒక మాట అనుకోండి. "ఎప్పట్నుంచి ఉంది?" అని డాక్టరు అడిగితే అందరూ ఒకే గొంతుతో "నిన్నట్నుంచి సార్" అనాలి. పిల్లలు నోరు తెరవకుండా చాక్లెట్ ఇచ్చి కూర్చోబెట్టండి. కుక్కకు మాత్రం ఇవ్వకండి, దానికి చాక్లెట్ విషం. ఈ ఒక్క విషయంలో మీరు ఎంత జాగ్రత్తపరులో డాక్టరుకు వినబడేలా చెప్పుకోవచ్చు.

ఎన్ని పళ్లు తీయాలో లోపల ఎక్స్‌రేలో తేలాక చెబుతామంటారు. అప్పుడు బేరం మొదలుపెట్టండి. పదహారు పళ్లకు ఒక రేటు, ఇరవైకి హోల్‌సేల్ రేటు ఉండాలి కదా అని అడగండి. కదులుతున్న పళ్లకు తీసే కూలి తగ్గించమనండి, సగం పని జబ్బే చేసింది మరి. ముందుపళ్లు వదిలేయమనండి, ఫొటోల్లో అవే పడతాయి. "రోజుకు రెండు నిమిషాలు తోమి ఉంటే ఇది రాకపోను" అని డాక్టరు అంటే, మా వాడు నోరు ముట్టుకోనివ్వడండీ అనండి. ఆ సమయానికి మీ వాడు టేబుల్ మీద నోరు తెరుచుకుని, డాక్టరు వేలికి ఏ అభ్యంతరమూ చెప్పకుండా పడుకుని ఉంటాడు. అటు చూడకండి.

ఇంటికి తెచ్చాక ఒక చిక్కుంది, ముందే చెబుతున్నాను. కుట్లు మానిన రెండు వారాలకు మీ కుక్క బోసినోటితోనే గిన్నె నాకి పారేస్తుంది. ఏళ్లుగా మూలన పడుకున్నది లేచి గేటు దాకా పరుగెడుతుంది. బంతి తెచ్చి మీ కాళ్ల దగ్గర పడేస్తుంది. పుచ్చిన పళ్ల నొప్పి పోయాక కుక్కలు ఇలా మళ్లీ చిన్నపిల్లలైపోవడం డాక్టర్లు రోజూ చూసేదే. ఇన్నాళ్లూ "వయసు మీదపడింది, అందుకే డల్‌గా ఉంది" అని మీరు చెప్పిన మాట అందరికీ గుర్తుంటుంది. పక్క ఫ్లాటు ఆంటీ లిఫ్టు దగ్గర ఆపి, "ఏం చేశారండీ, ఇంత హుషారుగా ఉంది?" అని అడుగుతుంది. తడబడకండి. పాల ప్యాకెట్ కంపెనీ మార్చామండీ, పెరుగు చిక్కగా తోడుకుంటోంది అని చెప్పి లిఫ్టు ఎక్కేయండి.